ఆఖరి రౌండు

దీపావళి వెళ్ళిపోయింది. మెడికల్ కాలేజీల్లో తరగతులు మొదలై వారాలు గడిచాయి. అయినా తమిళనాడు కౌన్సెలింగ్ ఇంకా ముగియలేదు. మూడు రౌండ్లు పూర్తయి, మిగిలిపోయిన సీట్ల కోసం ఆఖరిది, అందరూ స్ట్రే రౌండు అనేది, తెరవబోతున్నారు. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా ఉన్న తెలుగు ఇళ్ళల్లో ఈ రోజుల్లో ఒకటే చర్చ. ఇంత ఆలస్యంగా డాక్టరు చదువుకు దరఖాస్తు పెట్టాలా, చేరిన డిగ్రీలో ఉండిపోవాలా, మళ్ళీ ఏడాదంతా నీట్‌కు కూర్చోవాలా? ఈ ఇళ్ళల్లో మాట తెలుగు, చదువు తమిళం లేదా ఇంగ్లీషు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు గానీ, ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని ఇక్కడి పిల్లల్లో చాలామందికి ఆ లిపి చదవడం రాదు. ఆంధ్ర, తెలంగాణల్లో కూర్చుని ఈ పరీక్ష గురించి మాట్లాడుకునేవాళ్ళకు ఈ పిల్లలు కనిపించరు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

వాదనను ఒక అన్నాచెల్లెళ్ళ నోట పెట్టాను. అన్న కోవిల్‌పట్టిలో ప్లస్ టూ పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. చెల్లెలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి విరుదునగర్‌లో స్థిరపడిన మనిషి. మాట వాళ్ళ తమ్ముడి కూతురి గురించి. రెండోసారి నీట్ రాసింది, మార్కులు సరిహద్దులో ఆగాయి, మూడు రౌండ్లలోనూ పేరు రాలేదు. జూలైలోనే విరుదునగర్‌లో బి.ఎస్‌సి. కెమిస్ట్రీలో చేరి, రోజూ కోవిల్‌పట్టి నుంచి రైల్లో వెళ్ళి వస్తోంది. తండ్రిది కడలై మిఠాయి, అంటే పల్లీపట్టీ, వ్యాపారం.

అన్న: పోర్టల్ తెరిచాక రెండు మూడు రోజులే గడువిస్తారు. పెట్టేద్దాం అమ్మా. దరఖాస్తు పెట్టినంత మాత్రాన పోయేదేముంది?

చెల్లెలు: పోయేది ఉంది కాబట్టే నీతో వాదిస్తున్నాను అన్నా. మొదటి రౌండు సంగతి వేరు, వచ్చింది నచ్చకపోతే వదిలేసుకోవచ్చు. ఆఖరి రౌండులో ఆ వెసులుబాటు ఉండదు. ఢిల్లీలో ఎం.సి.సి. వాళ్ళు జరిపే అఖిల భారత కౌన్సెలింగ్‌లో స్ట్రే సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది, ఏడాది పాటు నీట్ రాయనివ్వరు. మన రాష్ట్ర కౌన్సెలింగ్ జరిపే కీల్పాక్ సెలక్షన్ కమిటీ కూడా ఆఖరి రౌండుకు గట్టి షరతులే పెడుతుంది. ప్రాస్పెక్టస్ నువ్వు చదివావా, ఎవరో చెప్పింది విన్నావా?

అన్న: చదువుతాను. కానీ సీటు వస్తే చేరతాం కదా, ఇంక మళ్ళీ నీట్ ఎందుకు?

చెల్లెలు: ఏ సీటు వస్తే? అది చెప్పు ముందు. ఈ రౌండుకి గవర్నమెంటు కాలేజీల్లో మిగిలేవి ఎన్నని? ఎవరో ఎయిమ్స్‌కో జిప్‌మర్‌కో వెళ్ళిపోయి ఖాళీ చేసినవి ఒకటీ అరా. తక్కినవన్నీ ప్రైవేటు కాలేజీల సీట్లే. వాటిలో గవర్నమెంట్ కోటాకే ఈమధ్య ఏడాదికి నాలుగున్నర లక్షల దాకా ఫీజు. మేనేజ్‌మెంట్ కోటా అయితే పదమూడున్నర. హాస్టలు, భోజనం, పుస్తకాలు వేరే. మా విరుదునగర్ గవర్నమెంటు కాలేజీలో ఏడాది మొత్తానికి కట్టేది, ఆ ప్రైవేటు కాలేజీ గవర్నమెంట్ కోటాలో ఒక్క నెలకు పడేదాని కన్నా తక్కువ.

అన్న: ఆ విరుదునగర్ కాలేజీ సంగతే చెబుతాను విను. మన నాన్న కాలంలో డాక్టరు చదవాలంటే మద్రాసు రైలెక్కాలి. 1954లో మదురైకి కాలేజీ వచ్చింది, 1965లో తిరునెల్వేలికి, 2000లో తూత్తుకుడికి. 2022 జనవరి 12న ప్రధాని ఒకే రోజు పదకొండు కాలేజీలు ప్రారంభించారు, 1,450 సీట్లు, అందులో మన విరుదునగర్ ఒకటి. కోవిల్‌పట్టి బస్టాండులో నిలబడితే గంట, గంటన్నర దూరంలో మూడు గవర్నమెంటు మెడికల్ కాలేజీలు ఇప్పుడు. ఇంత దగ్గరికి వచ్చిన చదువును తేదీ దాటిందని వదులుకోమంటావా? విరుదునగర్ కాలేజీ మొదటి బ్యాచే ఆలస్యంగా చేరింది. ఆ ఏడు నీట్ సెప్టెంబరులో పెట్టారు, తరగతులు 2022 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఆ పిల్లలు చదువుకోలేదా?

చెల్లెలు: కరోనా వల్ల దేశమంతా ఒక్కసారే ఆలస్యమైంది, ఆ బ్యాచ్ పిల్లలందరూ ఒకే రోజున ఒకే పాఠంతో మొదలుపెట్టారు. మన పాప వెళ్ళేసరికి పక్క పిల్లలు చెయ్యి డిసెక్షను ముగించి కాలు మొదలుపెట్టి ఉంటారు. శరీరాన్ని కోసి చూడ్డం పుస్తకంతో పూరించుకునేది కాదు. అదే టేబుల్ దగ్గర, అదే వారంలో, ట్యూటరు పక్కన నిలబడి చూడాలి. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ ఒకేసారి తరుముతాయి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్‌కి 80 శాతం హాజరు ఉండాలి. మొదటి సంవత్సరం గట్టెక్కడానికి నాలుగు అవకాశాలే, ఆ పైన ఎం.బి.బి.ఎస్. ముగిసినట్టే. ఇవి 2023లో జాతీయ వైద్య కమిషన్ రాసిన నిబంధనలు, నా భయాలు కావు.

అన్న: కానీ సుప్రీంకోర్టే సీట్లు వృథా కాకూడదంది. 2024 డిసెంబరులో ప్రత్యేకంగా ఇంకో స్ట్రే రౌండు పెట్టించి, ఆ నెల 30 లోపు నింపమంది.

చెల్లెలు: సీటు వృథా కాకూడదనే మాట కోర్టు చెప్పవచ్చు. సంవత్సరాంతంలో హాస్టల్లో పెట్టె దించిన పిల్ల ఆ రాత్రి ఏ పేజీ తెరవాలో కోర్టు చెప్పదు కదా. ఒక హౌస్ సర్జన్ నాతో అన్నాడు, అందరికన్నా ఆఖర్న చేరిన కుర్రాడు. మొదటి ఆరు నెలలు క్లాసులో వాడే మాటలే అర్థమయ్యేవి కాదు సిస్టర్ అన్నాడు. బాగా చదివేవాడు. ఇప్పుడు మంచి డాక్టరే. కానీ ఆ ఆరు నెలల గురించి చెప్పేటప్పుడు వాడి గొంతు వణికింది.

అన్న: చూశావా, మంచి డాక్టరయ్యాడు అని నీ నోటితోనే అన్నావు. మన కరిసల్ నేలలో, ఈ నల్లరేగడిలో, వాన ఆలస్యమైతే పొలం బీడు పెట్టుకుంటామా? విత్తుతాం.

చెల్లెలు: విత్తుతాం అన్నా. కానీ పత్తి అదను దాటితే పత్తి వెయ్యం, కొత్తిమీర వేస్తాం.

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. ఆలస్యంగా చేరినవాళ్ళు వెనకబడతారన్న మాటను అనుభవం ఉన్న ఏ అధ్యాపకుడూ తోసిపుచ్చడు. అయితే ఒక నెల ఆలస్యం, మూడు నెలల ఆలస్యం ఒకటి కావు. మొదటిది పట్టుదల ఉన్న పిల్ల సంక్రాంతి లోపల పూడ్చుకోగలదు. రెండోది పూడాలంటే కాలేజీలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పాలి, అలాంటివాళ్ళు దొరుకుతారన్న భరోసా ముందుగా ఎవరూ ఇవ్వలేరు. చెల్లెలి భయం నాకు సబబుగానే తోస్తోంది. కానీ అన్న దగ్గర ఇంకో బలమైన ఉదాహరణ ఉంది. ఈ ప్రాంతంలో డాక్టరు చదువు గురించి మాట్లాడేవాళ్ళెవరూ ఆ పేరు తలవకుండా ఉండలేరు.

అన్న: వడమలాపురం వెంకటస్వామి గారిని మరిచిపోయావా? ఎట్టయపురం దగ్గరి పల్లె. కాన్పుల్లో చనిపోయిన తన బంధువుల ఆడపిల్లలను చూసి, కాన్పుల డాక్టరు కావాలనుకున్నాడు. కానీ ముందు ఏం చదివాడు? మదురై అమెరికన్ కాలేజీలో కెమిస్ట్రీ. మన పాప చదువుతున్నదే. ఆ తరువాతే మద్రాసు స్టాన్లీలో వైద్యం, 1944లో పట్టా. సైన్యంలో డాక్టరుగా చేరితే కీళ్ళవాతం వచ్చి వేళ్ళు వంకరపోయాయి. 1948లో సైన్యం పంపించేసింది. కాన్పులు చెయ్యడానికి ఆ చేతులు పనికిరావని తేలిపోయింది. అప్పుడు కళ్ళ చదువు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆ వంకర వేళ్ళతోనే శస్త్రచికిత్స నేర్చుకుని లక్షకు పైగా కళ్ళ ఆపరేషన్లు చేశాడు. ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరయ్యాక, 58 ఏళ్ళ వయసులో, 1976లో, మదురైలో పదకొండు పడకలతో అరవింద్ ఆసుపత్రి మొదలుపెట్టాడు. ఆయన జీవితమంతా ఆలస్యమే కదా! ప్రతి తలుపూ మూసుకుంటున్న వేళకే వెళ్ళాడు, వెళ్ళి లోపలికి నడిచాడు.

చెల్లెలు: ఆయన పేరు ఎత్తితే నేను వెనక్కి తగ్గుతాననుకున్నావు. ఆయన్ను నేను చూశాను అన్నా, మదురైలో పనిచేస్తున్నప్పుడు. అందుకే చెబుతున్నాను, నువ్వు చెప్పిన కథ నా వైపే నిలబడుతుంది. కెమిస్ట్రీ డిగ్రీ పూర్తి చేసి వైద్యానికి వెళ్ళాడు, ఆ ఏళ్ళ వల్ల ఆయనకు తక్కువైనదేమిటి? చేతులు చెడితే ఏళ్ళ తరబడి మళ్ళీ చదివాడు. తొందర ఎక్కడుంది ఆ జీవితంలో? ఏడాది పోయినా రెండేళ్ళు పోయినా మనిషికి నష్టం లేదని ఆయన్ను చూసి నేర్చుకోవాలంటే, ఈ దీపావళి దాటిన సీటు కోసం తమ్ముడి పొలం తాకట్టు పెట్టడం దేనికి? పాప డిగ్రీ చదువుతూ మళ్ళీ రాయనీ. ఫిబ్రవరిలో దరఖాస్తు, మేలో పరీక్ష.

అన్న: ఆయన కాలంలో ఈ నీట్ లేదు తల్లీ. 2006లో మన రాష్ట్రమే ఎంట్రెన్సు వద్దని చట్టం చేసి, ప్లస్ టూ మార్కులతో పిల్లల్ని తీసుకుంది. 2017లో నీట్ వచ్చాక లెక్కంతా మారింది. మూడో ఏడు కూర్చుంటే మార్కులు పెరుగుతాయని ఎవరు చెప్పగలరు? ఒక ఏడు ప్రశ్నపత్రం తేలిక, ఒక ఏడు ఫిజిక్సు నడుం విరిచేస్తుంది. గవర్నమెంటు బడి పిల్లలకు 2020లో ఇచ్చిన 7.5 శాతం కోటా మన పాపకు రాదు. ఆ కోటా ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బళ్ళో చదివినవాళ్ళకే, ఈమె చదివింది ఎయిడెడ్ బడిలో. పక్క వీధి పిల్ల, ఇంతకన్నా తక్కువ మార్కులకు తూత్తుకుడిలో చదువుతోంది, ఫీజు కూడా సర్కారే కడుతోంది. ఆ పిల్లకు ఇవ్వడం న్యాయమే, నేను నా చేత్తో చదువు చెప్పిన పిల్లే. కానీ ఎయిడెడ్ బడి పిల్లలు కూడా కూలీల పిల్లలే అని నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడిగా నాకు తెలుసు. వాళ్ళ గురించి ఎవరు ఆలోచించారు?

చెల్లెలు: ఆ మాట నిజం. నాకూ మనసు రగులుతుంది. కానీ ఆ కోపం ఈ దరఖాస్తు మీద చూపిస్తే ఎట్లా?

అన్న: కోపం కాదు. ఇంకో సంగతి ఉంది. నీకు చెప్పకూడదనుకున్నాను. మూడోసారి రాయడానికి తమ్ముడు ఒప్పుకునేటట్టు లేడు. సంబంధాలు వస్తున్నాయి. ఈ ఏడు సీటు రాకపోతే డిగ్రీ ముగిసేలోపు పెళ్ళి చేసేస్తామని ఇంట్లో అనుకుంటున్నారు. అందుకే ఇప్పుడే అంటున్నాను. ఇది ఆఖరి రౌండు అని పోర్టల్ చెప్పడం ఒక ఎత్తు, ఆ పిల్లకు ఇది నిజంగానే ఆఖరిదవుతుంది.

చెల్లెలు: ఇంతసేపూ కాలేజీల పేర్లు చెప్పావు, సుప్రీంకోర్టు చెప్పావు, వెంకటస్వామి గారిని చెప్పావు. అసలు మాట ఇదా?

అన్న: ఇదే.

చెల్లెలు: అయితే తొందర పెడుతున్నది కౌన్సెలింగ్ కమిటీ కాదు, మన ఇల్లే. చదువుకి ఇప్పుడు వయసు అడ్డంకి లేదని నీకు తెలుసు. 25 ఏళ్ళ పరిమితిని 2022లో ఎత్తేశారు. మా విరుదునగర్ కాలేజీకే 2025లో తెంకాశి వైపు నుంచి యాభైకి దగ్గరపడిన ఒక తల్లి వచ్చి చేరింది. కూతురు నీట్‌కు చదువుతుంటే ఆ పుస్తకాలతోనే తనూ చదివి రాసిందట. ప్రత్యేక కోటాలో వచ్చిన సీటే, అందరికీ వర్తించదు, ఒప్పుకుంటాను. కానీ ఆ తల్లి క్లాసులో కూర్చుంది. మన పిల్లకు ఇరవై నిండలేదు. ఈ పిల్లకు కాలం మించిపోయిందని ఎవరు తేల్చారు?

అన్న: ధర్మపురిలో 61 ఏళ్ళ రిటైర్డ్ మాస్టారి సంగతి కూడా చదివాను. 7.5 కోటాలో కౌన్సెలింగ్ దాకా వచ్చి, ఆ సీటు ఒక పిల్లవాడికి దక్కాలని కొడుకు చెబితే వదులుకున్నాడు. ఆ మనిషికి రెండు చేతులూ జోడిస్తాను. కానీ మన తమ్ముణ్ణి ఒప్పించేది ఆయన కథ కాదు.

చెల్లెలు: ఒప్పించేది నువ్వు. నువ్వు పెద్దవాడివి.

వాళ్ళ వాదన ఇక్కడికి చేరాక దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్నగా మారిపోయింది. నా అభిప్రాయం దాచుకోను. మొదటి రౌండులో కాలేజీల పేర్లు విరివిగా పెట్టుకుని, సీటు చేతికి వచ్చాక ఆలోచించవచ్చు. ఆఖరి రౌండులో ఆ క్రమం తిరగబడుతుంది. ఆప్షన్లు పెట్టే గంటలోనే ఆలోచన అంతా ముగిసి ఉండాలి. అలాట్‌మెంట్ ఆర్డరులో ఏ పేరు వచ్చినా ఆ రాత్రే బస్సెక్కగలమా? ఎక్కలేమనుకున్న కాలేజీ పేరు జాబితాలో ఉండకూడదు. ‘వస్తే చూద్దాం’ అని పేర్లు నింపే ఇళ్ళు ఎక్కువ. వచ్చాక చూడ్డానికి అక్కడ ఏమీ మిగలదు, చేరడమో జరిమానా మోయడమో తప్ప. దీనికి తోడు చేరడానికి ఇచ్చే గడువు రోజుల్లోనే ఉంటుంది. టీసీ, మార్కుల జాబితాలు డిగ్రీ కాలేజీ బీరువాలో ఉంటే ఆ రోజులు అక్కడే కరిగిపోతాయి. ఒరిజినల్స్ పట్టి ఉంచుకోకూడదని యూజీసీ ఎప్పుడో చెప్పింది. అయినా ప్రిన్సిపాలు సెలవులో ఉన్నారంటే మీరు చేయగలిగిందేముంది? ముందే వెళ్ళి అడగాలి.

అన్న: సరే, జాబితా దగ్గరికి రా. గవర్నమెంటు కాలేజీలు మొత్తం పెడదామా?

చెల్లెలు: మొత్తం పెట్టు. నీలగిరి పెట్టు, నాగపట్నం పెట్టు, కృష్ణగిరి పెట్టు. ఎంత దూరమైనా సరే. సర్కారు సీటు అయితే రెండు నెలలు వెనకబడినా నేనే వెళ్ళి పక్కన ఉంటాను, అనాటమీ పుస్తకం నేనూ పట్టుకుంటాను. దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు.

అన్న: ప్రైవేటులో గవర్నమెంట్ కోటా? మదురై వైపు ఒకటి, కన్యాకుమారి వైపు ఒకటి, రెండే రెండు.

చెల్లెలు: లెక్క వెయ్యి. నాలుగున్నర లక్షలు, నాలుగున్నర ఏళ్ళు. ఇరవై లక్షలు ఫీజుకే దాటుతుంది. బ్యాంకులో ఏడున్నర లక్షల వరకు తనఖా లేకుండా అడగవచ్చు, ఆ పైన పొలం కాగితాలు పెట్టమంటారు. తమ్ముడికున్నది మూడెకరాల వర్షాధారపు పొలం. కడలై మిఠాయికి 2020లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఊరంతా సంబరపడ్డాం గానీ, దానివల్ల వాడి గల్లాపెట్టెలో ఎంత పెరిగింది?

అన్న: నా పెన్షన్ ఉంది. నీ పెన్షన్ ఉంది.

చెల్లెలు: ఉంది. ఏడాదికి ఎంత ఇవ్వగలమో కాగితం మీద రాద్దాం, నోటిమాటగా కాదు. బ్యాంకు మేనేజరు ఎంత ఇస్తాడో తమ్ముడు సోమవారం అడిగి రావాలి. ఆ రెండు అంకెలూ కలిపితే ఇరవై లక్షలకు చేరువైతే ఆ రెండు కాలేజీలూ జాబితాలో ఆఖర్న పెట్టు. చేరకపోతే వద్దు. మేనేజ్‌మెంట్ కోటా మాట మాత్రం నా ముందు ఎత్తకు. అరవై లక్షలు దాటే లెక్క అది. ఆ అప్పు తీర్చడానికి ఆ పిల్ల ఎట్లాంటి డాక్టరు కావలసి వస్తుందో నాకు తెలుసు.

అన్న: పాప క్లాసులు మానెయ్యాలా ఈ లోపల?

చెల్లెలు: ఒక్కటి కూడా మానకూడదు. అలాట్‌మెంట్ వచ్చే రోజు దాకా అదే రైలు, అదే కెమిస్ట్రీ ల్యాబు. నువ్వు మాత్రం ఆ కాలేజీ ఆఫీసుకి వెళ్ళి టీసీ ఎన్ని రోజుల్లో ఇస్తారో కనుక్కో.

అన్న: వెళ్తాను. ప్రాస్పెక్టస్ కూడా రాత్రికి చదువుతాను.

చెల్లెలు: ఇవన్నీ తరువాత. ముందు తమ్ముడితో మాట్లాడు, ఇవాళే. ఈ రౌండులో సీటు రాకపోతే పాప మేలో మళ్ళీ రాస్తుంది, డిగ్రీ ముగిసేదాకా పెళ్ళి ఊసు ఉండదు అని వాడు పాప ముందే చెప్పాలి. ఆ మాట వినకుండా ఆప్షన్లు పెట్టడానికి కూర్చుంటే, ఏ పేరు కనిపిస్తే ఆ పేరు నొక్కుతుంది ఆ పిల్ల. నొక్కదా?

అన్న: నొక్కుతుంది. తమ్ముడు ఒప్పుకోకపోతే?

చెల్లెలు: మా ఇంట్లో ఉండి చదువుకుంటుంది. కాలేజీకి నడిచి వెళ్ళే దూరం. ఆ మాట కూడా వాడికి చెప్పు, నేను అన్నానని చెప్పు.

అన్న: చెబుతాను. కానీ మదురై వైపు ఆ ప్రైవేటు కాలేజీ విషయంలో నువ్వు చెప్పిన లెక్కకు నేనింకా ఒప్పుకోలేదు. పదిహేను లక్షలు కుదిరినా పెట్టేస్తాను.

చెల్లెలు: పదిహేనుకి కుదరదు అన్నా. కాగితం తీసుకురా, మళ్ళీ వేద్దాం.